పేజీ మీదే, తాళం చెవి ఎవరి దగ్గర?

ప్రశ్న: మాది మంగళగిరిలో చిన్న చేనేత చీరల దుకాణం. తెలిసిన కుర్రాడొకడు నెలకు మూడు వేలు తీసుకుని ఫేస్‌బుక్ పేజీ, గూగుల్ మ్యాప్స్‌లో షాపు వివరాలు, వాట్సాప్ ఆర్డర్లు చూసేవాడు. వేరే ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడం లేదు. పాస్‌వర్డ్‌లేవీ మా దగ్గర లేవు. పండగలోపు తక్కువ ఖర్చుతో ప్రచారం ఎలా చేసుకోవాలి?

జవాబు: ప్రచారం సంగతి తర్వాత. పచ్చళ్ల వాళ్లు, బొటిక్ వాళ్లు, బేకరీ వాళ్లు... అందరూ నాకు రాసే గోడు ఇదే. షట్టర్ తాళం చెవి ఇంకొకటి మీ దగ్గర ఉంచుకోకుండా పనివాడి చేతికి ఇచ్చేయరు కదా. మరి పేజీ మొత్తం అతని సొంత మెయిల్ మీద ఎందుకు తెరవనిచ్చారు?

గూగుల్‌ది తేలిక. మీ సొంత మెయిల్‌తో లాగిన్ అయి, మ్యాప్స్‌లో మీ షాపు వెతికి, యాజమాన్యం కోరుతూ రిక్వెస్ట్ పెట్టండి. ఇప్పుడున్న ఓనర్‌కు 3 రోజుల గడువిస్తారు. జవాబు రాకపోతే చాలాసార్లు మీరే వెరిఫై చేసుకునే దారి తెరుచుకుంటుంది. బోర్డు, వీధి, షాపు లోపల వీడియో తీసి పంపమంటారు. తొందరపడి కొత్త లిస్టింగ్ పెట్టకండి, పాత రివ్యూలన్నీ పాతదానిలోనే ఉండిపోతాయి. ఫేస్‌బుక్ పేజీకి మాత్రం ఆ కుర్రాడిని పట్టుకోవడమే దగ్గరి దారి. వాళ్లింటికి వెళ్లి మంచిగా అడగండి. మీ పేరును అడ్మిన్‌గా చేర్చడం పది నిమిషాల పని.

నాకు అన్నిటికంటే భయం వేసేది వాట్సాప్ గురించి. అతని లాప్‌టాప్‌లో మీ వాట్సాప్ ఇంకా తెరిచే ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి, మీవి కానివన్నీ లాగౌట్ చేయండి. తర్వాత టూ-స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టండి. ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఆరంకెల కోడ్ ఎవరడిగినా చెప్పొద్దు. అది దొంగ చేతిలో పడితే మీ నంబరు నుంచే మీ కస్టమర్లకు ‘కొత్త స్టాకు వచ్చింది, అడ్వాన్స్ పంపండి’ అని క్యూఆర్ కోడ్ వెళుతుంది. మిమ్మల్ని నమ్మినవాళ్లే డబ్బు పోగొట్టుకుంటారు. అలా జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ‘మీ పేజీ 24 గంటల్లో తీసేస్తాం, ఈ లింకు నొక్కండి’ అనే మెసేజీలూ, ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, లిస్టింగ్‌కు డబ్బు కట్టండి’ అనే ఫోన్లూ మోసమే. గూగుల్‌లో షాపు లిస్టింగ్ ఉచితం.

ఈ యాప్‌లు తయారుచేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. డబ్బు కట్టి పోస్టును పెంచుకోమనే బటన్ ప్రతి ఫొటో కిందా కనిపిస్తుంది. పేజీ ఎవరెవరి చేతిలో ఉందో చూపించే చోటు మాత్రం నాలుగైదు మెనూల లోపల. పైగా అప్‌డేట్ వచ్చినప్పుడల్లా చోటు మారుతుంది. చీరలు అమ్ముకునే మనిషి దాన్ని ఎక్కడని వెతకాలి? ఆ వివరం మొదటి తెరమీదే ఉండాలి.

ఇక ప్రచారం. పగటి వెలుగులో గుమ్మం దగ్గర ఫొటో తీయండి. నిజాం బార్డరు దగ్గరగా కనపడాలి, ధర రాసి ఉండాలి. ‘ధరకు ఇన్‌బాక్స్ చేయండి’ అంటే సగం మంది అక్కడే ఆగిపోతారు. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టడానికి పైసా ఖర్చు లేదు. ఒకే మెసేజ్‌ను అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఒక్కోదానిలో 256 మంది దాకా పడతారు, కానీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ అందుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే సేవ్ చేసుకోమని అడగండి. యాడ్ ఇవ్వాలనుకుంటే మొదట ఐదొందలతో, గుంటూరు, విజయవాడ వరకే, ముగింపు తేదీ పెట్టి ఇవ్వండి. దానిమీద 18 శాతం జీఎస్టీ కూడా లెక్కేసుకోండి.

కానీ ఆ ఐదొందలు కట్టే ముందు, ఈ రాత్రి షాపు కట్టేశాక లింక్డ్ డివైసెస్ ఒకసారి తెరవండి.