అక్షింతల పురుగు కన్ను దొరకాలంటే

ప్రశ్న: మా మిద్దె తోటలో చిక్కుడు పాదు మీద అక్షింతల పురుగులు, కరివేపాకు మీద గొంగళిపురుగులు ఉన్నాయి. చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ కొని మూడు నెలలైంది. వీపు స్పష్టంగా వస్తే తల మసకబారుతోంది, తల కుదిరితే ఫొటో అంతా చీకటి. పురుగును కాసేపు ఫ్రిజ్‌లో పెడితే కదలదని తెలిసినవారు అంటున్నారు. పెట్టవచ్చా? - ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: పెట్టకండమ్మా. చాలా ఏళ్ల కిందట నేనూ ఆ మాట విని ఒక గొల్లభామను డబ్బాలో ఉంచి ఫ్రిజ్‌లో పెట్టాను. తీసి కొమ్మ మీద ఉంచితే నిలబడలేక పక్కకు ఒరిగిపోయింది. కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుంది, మీసాలు వాలిపోయాయి. ఫొటో స్పష్టంగానే వచ్చింది. కానీ ప్రాణం కుదుటగా ఉన్న గొల్లభామ అలా ఉండదని పురుగులను గమనించే అలవాటున్న ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. అది తేరుకుని గోడ ఎక్కేదాకా పక్కనే కూర్చున్నాను. ఆ ఫొటో ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.

మీకు కావలసిన చల్లదనం మిద్దె మీదే ఉంది. పురుగు ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టి మారుతుంది. సంక్రాంతి రోజుల్లో మన హైదరాబాదులో పొద్దు పొడిచేది 6.45 దాటాకే. అంతకు ముందే పాదు దగ్గరికి వెళ్లి, ఆకులు తుంచకుండా, వంగి అడుగు భాగం చూడండి. అక్షింతల పురుగు కాళ్లు లోపలికి లాక్కుని అతుక్కుపోయి ఉంటుంది. ఎండ తగిలాక ముందు మీసాలు కదులుతాయి, తర్వాత ముందుకాళ్లతో ముఖం తుడుచుకుంటుంది. మీ ఫొటో దొరికేది ఆ కొద్ది నిమిషాల్లోనే. ఒళ్లు వెచ్చబడ్డాక ఎర్రటి డొప్పలు విప్పి, కింద మడిచి దాచుకున్న రెక్కలు చాచి ఎగిరిపోతుంది.

ఇక మసక సంగతి. పురుగు ఎంత ఉంటే సెన్సార్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద అంతే పడేంత దగ్గరగా తీస్తే, అపెర్చర్‌ను (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్ 11 దాకా కుదించినా స్పష్టంగా వచ్చే మందం సుమారు ఒక్క మిల్లీమీటరు. అక్షింతల పురుగేమో అయిదారు మిల్లీమీటర్లు ఉంటుంది. ఎదురుగా తీస్తే తల, వీపు రెండూ ఒకేసారి రావు. అది మీ తప్పు కాదు, లెన్స్‌ది కూడా కాదు. పక్కకు జరిగి, పురుగు ఒంటి పొడవుకు కెమెరా వెనుక పలక సమాంతరంగా ఉండేలా పట్టుకోండి. ఆటోఫోకస్ ఆపేయండి, లెన్స్ మీది ఫోకస్ రింగు కదపకండి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, నడుము దగ్గర నుంచి వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఊగుతూ, కన్ను తేటపడగానే వరుసగా నొక్కండి. ఇరవైలో ఒకటి కుదిరితే నేను సంతోషంగా కిందికి దిగుతాను.

కన్ను అన్నాను కాబట్టి ఒక మాట. చాలా రకాల అక్షింతల పురుగులకు తల వెనుక పలక మీద రెండు తెల్ల మచ్చలు ఉంటాయి. కొత్తవాళ్లు వాటినే కళ్లనుకుని ఫోకస్ చేస్తారు. అసలు కళ్లు ఆ పలక అంచు కింద, ఆవగింజ కంటే చిన్నగా, నల్లగా ఉంటాయి.

చీకటికి కారణం, అంత దగ్గర నుంచి తీసినప్పుడు సెన్సార్‌కు చేరే వెలుతురు దాదాపు నాలుగో వంతుకు పడిపోవడమే. ఫ్లాష్ వాడండి, తక్కువ బలంతో. అప్పుడు దాని మెరుపు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, చెయ్యి వణుకు ఫొటోలో కనబడదు. కాకపోతే ఈ పురుగు వీపు తోమిన ఇత్తడి గిన్నెలా మెరుస్తుంది. ఫ్లాష్ నేరుగా పడితే తెల్లటి మచ్చ ఏర్పడి రంగంతా పోతుంది. ట్రేసింగ్ పేపరును వంచి ఫ్లాష్‌కూ పురుగుకూ మధ్య గొడుగులా కట్టండి.

కరివేపాకు మీద గొంగళిపురుగుకు ఇంత హైరానా అక్కర్లేదు. చిన్నప్పుడు పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే మెడ దగ్గర నుంచి నారింజ రంగు కొమ్ములు చాచి ఘాటైన వాసన వదులుతుంది. ఫొటో కోసం ఆ కొమ్ములు చాచేలా దాన్ని పొడవవద్దు.

ప్రశ్న: మాక్రో లెన్స్ కొనే స్తోమత లేదు. 50 మిల్లీమీటర్ల మామూలు లెన్స్ ఉంది. దారి ఉందా? - డిగ్రీ విద్యార్థి, ఉప్పల్

జవాబు: ఉంది. కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు అడగండి. లోపల అద్దాలు ఉండవు, వట్టి గొట్టాలు. మొత్తం 50 మిల్లీమీటర్ల పొడవు ట్యూబులు మీ లెన్స్‌కు తగిలిస్తే పురుగు అసలు సైజులో పడుతుంది. కొనేటప్పుడు లోపల విద్యుత్ పిన్నులు ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే ఈ కాలపు లెన్స్‌లలో చాలావాటికి అపెర్చర్ మార్చడం కుదరదు.

ప్రశ్న: చిక్కుడు మీద నల్లగా, నారింజ మచ్చలతో, మొసలి పిల్లలా ఒక పురుగు పాకుతోంది. మందు కొట్టమంటారా? - గృహిణి, మల్కాజ్‌గిరి

జవాబు: వద్దు! మీరు చూసింది అక్షింతల పురుగు పిల్ల అయి ఉంటుంది. పెద్దదానితో ఎక్కడా పోలిక ఉండదు కాబట్టి చాలామంది తెలియక చంపేస్తారు. చిక్కుడు చిగుళ్లకు పట్టే నల్ల పేనుబంకను తినేది అదే. సీసా పక్కన పెట్టి, భూతద్దం తీసుకుని చిగురు దగ్గర ఓ అయిదు నిమిషాలు కూర్చోండి. పేనుబంకను నోట కరుచుకుని, ఒక్కొక్కటే నములుతూ ముందుకు పోవడం మీకే కనిపిస్తుంది.