సందేహాలు – సమాధానాలు: ‘చేయి దాటడం’ ఎక్కడ కుదురుతుంది?

సందేహం: మాది విశాఖపట్నం, గాజువాక. మా యూనియన్ కరపత్రం కోసం ఒక ఇంగ్లిషు ప్రకటనను తెలుగు చేశాను. యాజమాన్యం మా కోరికను ‘అవుట్ ఆఫ్ హ్యాండ్’ తిరస్కరించిందని అందులో ఉంది. ‘చేయి దాటిందని తిరస్కరించింది’ అని రాస్తే తప్పన్నారు. ఆ ఇంగ్లిషు మాటకు ‘అదుపు తప్పడం’ అనే కదా అర్థం?

సమాధానం: ఒక అర్థం అదే. మీ వాక్యంలో ఉన్నది మాత్రం ఇంకొకటి: ‘వెంటనే, జాగు లేకుండా’. షేక్‌స్పియర్ ‘హెన్రీ ది సిక్స్త్’ మొదటి భాగంలో సైన్యాన్ని ‘అవుట్ ఆఫ్ హ్యాండ్’ కూడగడదాం అనే మాట వస్తుంది. ఈ క్షణమే అని భావం. ఈ అర్థం ఇప్పుడు ఎక్కువగా తిరస్కరించడం, కొట్టేయడం లాంటి క్రియల పక్కనే కనిపిస్తుంది. కాబట్టి ‘వినీ వినకుండానే కొట్టిపారేసింది’ అనండి. కొందరు ‘నిర్ద్వంద్వంగా’ అని రాస్తారు, నాకది నచ్చదు. బాగా ఆలోచించి కూడా నిర్ద్వంద్వంగా కాదనవచ్చు. అసలు ఆలోచించనే లేదన్నది కదా మీ బాధ!

ఇక అదుపు తప్పే అర్థం. పెళ్లింట్లో కుర్రాళ్ల గోల ఎక్కువైనా ఇంగ్లిషులో ఈ మాటే వాడతారు. తెలుగులో అది శ్రుతి మించడం, అంతే. మన వైపు ఎవరైనా ‘సెయ్యి దాటిపోనాది’ అంటే వినేవాళ్ల గుండె గుభేలుమంటుంది. జబ్బు ముదిరిపోయింది, అప్పు తీర్చలేనంత పెరిగింది, ఇక చేసేదేమీ లేదు అని దానర్థం. ‘అదుపు తప్పడం’ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. 2023 నవంబరులో మన ఫిషింగ్ హార్బర్‌లో పడవలు తగలబడ్డాయి గుర్తుందా? అలాంటప్పుడు మంటలు అదుపు తప్పాయంటాం, తర్వాత అదుపులోకి వచ్చాయనీ అంటాం. చేయి దాటినదానికి అలా వెనక్కి వచ్చే దారి లేదు. ‘మంటలు అదుపులోకి వచ్చాయి గానీ, పడవ పోయినవాడి అప్పు చేయి దాటిపోయింది’ అని చదివి చూడండి, తేడా తెలుస్తుంది.

‘చేజారడం’ పూర్తిగా వేరు. అవకాశమో పదవో మ్యాచో చేజారుతుంది.

కరపత్రం ఇంకా అచ్చుకు వెళ్లకపోతే ఆ మాట తప్పకుండా మార్చండి. ‘చేయి దాటిందని’ అని ఉంటే, మీ కోరికే హద్దు మీరిందని మీరే రాసిచ్చినట్టవుతుంది.