మొదటి వేటకుక్క: తాతల నేతులా, తల్లిదండ్రుల పనితనమా?

అమెరికాలో స్థిరపడిన పాఠకులు పక్షుల వేటకుక్కల ఎంపిక గురించి పంపిన ప్రశ్నలకు ఈసారి చోటిచ్చాం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. కాబట్టి చివరి ప్రశ్న తప్ప మిగతావన్నీ అక్కడి పొలాలకు, అక్కడి నిబంధనలకు సంబంధించినవే.

ప్రశ్న: పశ్చిమ టెక్సాస్‌లో మిత్రులతో కలిసి కౌజు పిట్టల వేటకు వెళ్తుంటాను. జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ పిల్ల కోసం రెండు చోట్ల చూశాను. ఒకరి దగ్గరి పిల్ల వంశావళి కాగితంలో ఐదో తరంలో పేరుమోసిన ఫీల్డ్ చాంపియన్ ఉంది, ఆ తర్వాత ఎవరికీ బిరుదుల్లేవు. రెండోవారి దగ్గర పెద్ద పేర్లు లేవు గానీ వేట పరీక్షల బిరుదులు తల్లికి ఎంహెచ్, తండ్రికి ఎస్‌హెచ్ ఉన్నాయి. ధర దాదాపు ఒకటే. ఏది తీసుకోవాలి? — డాలస్ పాఠకుడు

జవాబు: రెండోది. ‘మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ అన్న సామెత కుక్కపిల్లల ప్రకటనలకు అతికినట్టు సరిపోతుంది. పిల్లకు తాత నుంచి గానీ అమ్మమ్మ నుంచి గానీ వచ్చే జన్యువులు సగటున 25 శాతం. మూడో తరంలో ఒక్కో పూర్వీకుడి వాటా 12.5, నాలుగో తరంలో 6.25, ఐదో తరానికి వచ్చేసరికి 3 శాతమే. ఆ చాంపియన్‌కూ మీ పిల్లకూ మధ్య నాలుగు తరాలున్నాయి. వాటిని ఎవరూ పరీక్షకు తీసుకెళ్లలేదో, తీసుకెళ్లినా నెగ్గలేదో కాగితం చెప్పదు. బిరుదు లేని కుక్క పనికిరాదని కాదు. ఏటా నలభై యాభై రోజులు పొలంలో తిరిగే మంచి కుక్కలకు బిరుదుల ఊసే లేకపోవచ్చు. అలాంటప్పుడు తల్లిని పొలంలో మీ కళ్లతో చూడాలి. చూపించడానికి అమ్మేవారు నసుగుతుంటే అక్కడితో వదిలేయండి.

కాగితం మీది అక్షరాల్లో పేరుకు ముందు వచ్చేవి, వెనక వచ్చేవి వేరు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ కాగితంలో ముందు ‘సిహెచ్’ అని మాత్రమే ఉంటే అది ప్రదర్శనలో రూపానికి వచ్చిన గౌరవం, వేటకు సంబంధం లేదు. కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఈ రెండక్షరాల దగ్గరే. ‘ఎఫ్‌సి’ అంటే ఫీల్డ్ చాంపియన్, ఫీల్డ్ ట్రయల్ పోటీల్లో ఇతర కుక్కలను ఓడించి పాయింట్లు కూడబెట్టినది. పేరు వెనక వచ్చే జెహెచ్, ఎస్‌హెచ్, ఎంహెచ్‌లు హంట్ టెస్టులవి (జూనియర్, సీనియర్, మాస్టర్ హంటర్). అక్కడ పోటీ ఉండదు, ఒక ప్రమాణం ఉంటుంది, దాన్ని అందుకుంటే చాలు. జెహెచ్ తొలి మెట్టు: పక్షిని వెతికి పాయింట్ చేస్తే, అంటే దాని వైపు ముఖం పెట్టి కదలకుండా నిలబడి చూపిస్తే, సరిపోతుంది. ఎంహెచ్ కుక్క మాత్రం పక్షి లేచినా, తుపాకీ పేలినా, పక్షి నేల మీద పడినా కదలకుండా నిలబడి, చెప్పాకే వెళ్లి పక్షిని చేతికి తెచ్చివ్వాలి. ఇది ఒకసారి చేస్తే చాలదు. కింది బిరుదు లేకుండా నేరుగా వస్తే ఆరుసార్లు నెగ్గాలి. అందుకే తల్లికి ఎంహెచ్ ఉందంటే పట్టుదలతోపాటు మాట వినే గుణమూ ఉందని నమ్మొచ్చు.

ఎఫ్‌సి ఉంటే ఇంకా మంచిది కదా అని అడుగుతారు. మీరు కాలినడకన వేటాడతారా లేదా అన్నదాన్ని బట్టి. పాయింటింగ్ జాతుల ట్రయల్స్‌లో చాలా వాటిని గుర్రాల మీద వెంబడించి చూస్తారు. ఆ రక్తం కుక్కలు మూడు నాలుగు వందల గజాల దూరం అవలీలగా వెళ్తాయి. నడిచేవాడికి 50 నుంచి 150 గజాల లోపు తిరిగే కుక్క సుఖం. పశ్చిమ టెక్సాస్ లాంటి బయలు నేలలో కొంచెం దూరం వెళ్లినా ఫరవాలేదు. దట్టమైన పొదల్లో మాత్రం దూరం వెళ్లే కుక్కతో వేటంతా కుక్కను వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

ఈ జాతికి ఇంకో కొలమానం ఉంది. 1969లో మొదలైన నార్త్ అమెరికన్ వర్సటైల్ హంటింగ్ డాగ్ అసోసియేషన్, వాడుకలో ‘నావ్డా’, 16 నెలల లోపు కుక్కలకు సహజ సామర్థ్య పరీక్ష పెడుతుంది. ముక్కు, వెతుకులాట, జాడ పట్టడం, పాయింట్, నీళ్లు, ఉత్సాహం, సహకారం చూస్తారు. గరిష్ఠంగా 112 మార్కులు. శిక్షణ పూర్తికాకముందే జరిగేది కాబట్టి శిక్షకుడి నేర్పు కంటే పుట్టుకతో వచ్చింది ఎక్కువ బయటపడుతుంది. అయితే అడగాల్సిన తీరు వేరు. ‘ఈ తల్లికి ఎన్ని మార్కులు?’ కంటే ‘దీని కిందటి ఈతలో ఎన్ని పిల్లలు, వాటిలో ఎన్ని పరీక్షకెళ్లాయి, ఎన్ని నెగ్గాయి?’ అని అడగండి. ఎనిమిది పిల్లల్లో ఆరు వెళ్లి ఐదు నెగ్గిన ఈత, ఒక్కటే వెళ్లి 112 తెచ్చుకున్న ఈత కంటే నమ్మదగినది.

ఒకే పేరు తల్లివైపూ తండ్రివైపూ కనిపిస్తే అంతఃప్రజనన గుణకం (దగ్గరి చుట్టరికం ఎంతో చెప్పే అంకె) ఎంతో అడగండి. పినతల్లి, మేనమామ బిడ్డల వరస కుక్కలను కలిపితే 6.25 శాతం, సవతి తోబుట్టువులను కలిపితే 12.5. గుణాలు స్థిరపడేది ఇలాగే, దాగిన జబ్బులు బయటికి వచ్చేదీ ఇలాగే.

ప్రశ్న: ఎనిమిది పిల్లల్లో ఏది చురుకైనదో ఎలా తెలుస్తుంది? గాలపు కర్రకు రెక్క కట్టి ఆడిస్తే పాయింట్ చేసిన పిల్లను తీసుకోమంటున్నారు. — మినియాపోలిస్ పాఠకురాలు

జవాబు: ఆ రెక్క ఆట ఫొటోలకు బాగుంటుంది. పిల్ల అక్కడ కంటితో చూసి ఆగుతోంది, ముక్కుతో కాదు. కాసేపాగితే అన్నీ చేస్తాయి. దాన్ని బట్టి తీసుకోకండి.

49 రోజుల వయసు దాటాక, వేర్వేరు రోజుల్లో, ఒకసారి పొద్దున్నే, ఒకసారి సాయంత్రం వెళ్లండి. ఒక్కసారే వెళ్తే అప్పుడే తిని పడుకున్న పిల్ల మందకొడిగా, అప్పుడే లేచిన పిల్ల హుషారుగా కనిపిస్తుంది. ఒక్కోదాన్ని మిగతావాటికి దూరంగా, అది ఎన్నడూ చూడని చోట దింపండి. పది అడుగుల దూరంలో స్టీలు పళ్లెం కింద పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు, కొద్ది క్షణాల్లో తేరుకుని వాసన చూడటానికి వస్తే మంచిది. మూలకు దూరి బయటికి రానిదాన్ని తుపాకీ పక్కన ఊహించుకోండి. పాత సాక్సును ముడివేసి విసిరితే వెంటపడి నోట కరుచుకోవాలి, తిరిగి తెచ్చిస్తే మరీ మంచిది. బొడ్డు దగ్గర ఉబ్బు, కింది దవడ ముందుకు పొడుచుకు రావడం, మగపిల్లల్లో వృషణాలు రెండూ దిగకపోవడం కూడా చూసుకోండి. రంగు చివరి సంగతి.

నిజానికి ఏడు వారాలు వాటి మధ్యే తిరిగినవారికి మనకంటే ఎక్కువ తెలుసు. మీరు ఏ పక్షిని, ఎలాంటి చోట వేటాడతారో, ఇంట్లో చిన్నపిల్లలున్నారో లేదో చెప్పి, పిల్లను వాళ్లనే ఎంచమనండి. మంచి బ్రీడర్లు చాలామంది అలాగే ఇస్తారు.

ప్రశ్న: లాబ్రడార్ అమ్మేవారు ‘డాక్టరు చూశాడు, ఆరోగ్యంగా ఉంది’ అంటున్నారు. ఆ మాట చాలదా? — న్యూజెర్సీ పాఠకుడు

జవాబు: చాలదు. ఆ మాటకు అర్థం పిల్లకు టీకా వేశారని, నులిపురుగుల మందు ఇచ్చారని మాత్రమే. మీకు కావలసింది తల్లిదండ్రుల పరీక్షల ఫలితాలు.

తుంటి కీలుకు ఓఎఫ్ఏ (జంతువుల ఎముకలు, కీళ్ల పరీక్షలను నమోదు చేసే అమెరికా సంస్థ) తుది సర్టిఫికెట్ 24 నెలలు నిండాకే ఇస్తారు. తల్లి వయసు ఏడాదిన్నర, సర్టిఫికెట్ ఉంది అంటే ఆ లెక్క కుదరదు. ఎక్సలెంట్, గుడ్, ఫెయిర్ మూడూ పాస్ కిందికే వస్తాయి. పెన్‌హిప్ పద్ధతిలో అయితే 16 వారాలకే ఎక్స్‌రే తీయొచ్చు, అందులో అంకె ఎంత తక్కువైతే కీలు అంత బిగువు. మోచేతులకు ‘నార్మల్’ అని ఉండాలి. కళ్లను నిపుణుడు చూసిన కాగితం వేరే ఉండాలి.

లాబ్రడార్ విషయంలో ముఖ్యంగా అడగాల్సింది ఈఐసీ, అంటే శ్రమ వల్ల కుప్పకూలే జబ్బు. ఈ జబ్బున్న కుక్క ఐదు నుంచి ఇరవై నిమిషాలు గట్టిగా పరుగెత్తాక వెనక కాళ్లు సడలి కూలబడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. జన్యుపరీక్షలో ‘క్లియర్’, ‘క్యారియర్’, ‘అఫెక్టెడ్’ అని వస్తుంది. క్యారియర్ తనంతట తాను కూలబడదు, క్లియర్‌తో కలిపితే పిల్లలకూ భయం లేదు. ఇద్దరూ క్యారియర్లయితే ఒక్కో పిల్లకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. కండరాలు బలహీనపడే సీఎన్ఎమ్, చూపు పోయే పీఆర్ఏ పరీక్షలను కూడా ఇలాగే చదవాలి. కాగితం ఫొటో చూపిస్తే సరిపెట్టుకోకండి. కుక్క రిజిస్టర్డ్ పేరుతో ఓఎఫ్ఏ వెబ్‌సైట్‌లో మీరే వెతకండి, డబ్బు కట్టక్కర్లేదు.

ప్రశ్న: ఐటీ ఉద్యోగం, రోజుకు పది గంటలు. పిల్లను పెంచే తీరిక లేదు. కొంత శిక్షణ ఇచ్చిన రెండేళ్ల కుక్కను కొనడం మంచిదేనా? చూసేటప్పుడు ఏం గమనించాలి? — ఒమాహా పాఠకుడు

జవాబు: మొదటి కుక్కకు ఇది చాలాసార్లు మంచి దారి. పిల్ల ధరకు మూడు నాలుగు రెట్లు కావచ్చు, కానీ మీరు కొనేది అంచనాను కాదు, కంటికి కనిపించే పనిని. అయితే ఆ కన్ను మీదై ఉండాలి.

అమ్మేవారి సొంత మైదానంలో చూస్తే అది కుక్కకు కంఠతా వచ్చిన పాఠం. కుదిరితే దానికి కొత్తదైన పొలానికి రమ్మనండి. పెంపుడు కౌజులను ముందుగా గడ్డిలో దాచి చూపించడం మామూలే, అందులో మోసం లేదు. కానీ పక్షిని పెట్టినవాడి అడుగుల వాసన పట్టుకుని నేరుగా పక్షి దగ్గరికి వెళ్లే కుక్కలుంటాయి. పక్షులను మీరు పెట్టండి, వంకరటింకరగా నడిచి, కుక్క బయలుదేరే వైపు నుంచి కాకుండా.

గాలికి ఎదురుగా వదిలి కనీసం నలభై నిమిషాలు చూడండి. మొదటి పది నిమిషాల ఉరుకు ఎవరికైనా ఉంటుంది, అరగంట దాటాక వేగం, తోక ఊపు ఎలా ఉన్నాయో అదీ అసలు సంగతి. పొలానికి అడ్డంగా అటూ ఇటూ తిరుగుతూ మధ్యమధ్య మీ వైపు చూస్తోందా? పాయింట్ చేశాక మీరు ఇరవై అడుగులు నడిచి చేరేదాకా నిలబడుతోందా, పాకుతూ ముందుకు జరుగుతోందా? అమ్మేవారు ‘వో’ ‘వో’ (ఆగు, ఆగు) అని అరుస్తూనే ఉంటే ఆ నిలకడ కుక్కది కాదు, ఆ గొంతుది.

పక్షిని చేతికి తెచ్చాక దాని పక్కటెముకలు నొక్కి చూడండి. నలిగిపోయి ఉంటే గట్టినోటి కుక్క. అది మానిపించడం చాలా కష్టం, కొత్తవాడి పని కాదు. తర్వాత కుక్కను అరగంట పడుకోనిచ్చి మళ్లీ లేపండి. వెనక కాళ్లు బిగుసుకుని నడిస్తే ఎక్స్‌రే లేకుండా డబ్బివ్వకండి. గుండె పురుగుల రక్తపరీక్ష చేయించాకే తీసుకోండి. పదిరోజుల గడువుతో వెనక్కిచ్చే షరతు కాగితం మీద రాయించుకోండి.

ఇంకొకటి: బాగున్న కుక్కను ఎందుకు అమ్ముతున్నారని మొహమాటం లేకుండా అడగండి. ‘ట్రయల్స్‌కు కావలసినంత దూరం పోదు’ అన్న జవాబు వస్తే నడిచి వేటాడేవాడికి పండగే.

ప్రశ్న: శీతాకాలం బాతులు, అక్టోబరులో సౌత్ డకోటాలో ఫెజెంట్లు (అడవికోడి లాంటి పక్షులు). ఇంట్లో మూడేళ్ల పాప. ఒకే కుక్క చాలాలంటే? — ఫార్గో పాఠకుడు

జవాబు: లాబ్రడార్. చన్నీళ్లలో దిగుతుంది, గడ్డిలో ఫెజెంట్‌ను లేపుతుంది. అయితే లేపే కుక్క పాతిక ముప్పై గజాల లోపే తిరగాలి. అంతకు దూరంలో లేచిన పక్షి తుపాకీ గుండ్లకు అందదు. ఫీల్డ్ ట్రయల్ రక్తం కాకుండా హంట్ టెస్టులు నెగ్గి, ఇంట్లో కుదురుగా పడుకునే తల్లి పిల్లను వెతకండి. తల్లిని పొలంలోనే కాదు, వాళ్ల హాల్లో కూడా చూడాలి.

ప్రశ్న: నాలుగు నెలల పిల్లకు తుపాకీ చప్పుడు అలవాటు చేయడానికి షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లొచ్చా? — ఆస్టిన్ పాఠకుడు

జవాబు: వద్దు. తుపాకీ భయం చాలావరకు మనం తెచ్చిపెట్టేదే, ఎంత గొప్ప వంశమైనా దాని ముందు నిలవదు. ముందు పక్షులు, తర్వాతే చప్పుడు. పావురాల వెంట వెనకా ముందూ చూడకుండా పరుగెత్తే దశ వచ్చాక, అలా పరుగులో ఉండగా నూరు గజాల దూరం నుంచి ఇంకొకరితో .22 క్యాలిబర్ ఖాళీ తూటా ఒక్కటి పేల్చండి. పట్టించుకోకపోతే ఆ రోజుకు చాలు. తర్వాతి రోజుల్లో 75, 50 గజాలు. ఆ తర్వాత చిన్న తుపాకీని మళ్లీ దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికి తీసుకురండి. ఎక్కడైనా తల తిప్పి తటపటాయిస్తే ఒక మెట్టు వెనక్కి. జులై 4న, దీపావళికి పిల్లను లోపలి గదిలో ఉంచి టీవీ పెట్టండి.

ప్రశ్న: హెచ్1బీ మీద ఉన్నాను. కుక్క సరే, తుపాకీ ఉంచుకోవచ్చా? — పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: వలసేతర వీసాదారులు తుపాకీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. అమెరికాలో జారీ అయిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరితే మినహాయింపూ పోతుంది. టెక్సాస్‌లో అయితే 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తిచేయాలి.

ప్రశ్న: మా చేలల్లో కుందేళ్లు ఎక్కువ. ముధోల్ హౌండ్ తెచ్చి వేటకు అలవాటు చేద్దామనుకుంటున్నాను. — అనంతపురం పాఠకుడు

జవాబు: ఆ పనికి తేవద్దు. తుపాకీ లేకపోయినా సరే, కుక్కతో తరిమించడం, పట్టించడం కూడా చట్టం దృష్టిలో వేటే. జాతి మీద ఇష్టంతో పెంచుకుంటే అభ్యంతరం లేదు. కర్ణాటకలో ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం వారి శునక పరిశోధన కేంద్రం ఈ జాతి మీదే పనిచేస్తోంది, సైన్యం కూడా 2016లో ఈ పిల్లలను మీరట్‌కు శిక్షణకు తీసుకెళ్లింది. ఇది ముక్కుతో కాక కంటితో వేటాడే కుక్క. పరుగెత్తే జంతువు కనబడితే పిలుపు చెవికెక్కదు. కాబట్టి కంచె ఉన్న చోట తప్ప చేలో గొలుసు విప్పకండి.