ఈఆర్, పీఆర్ నెగటివ్, హెర్2 2+ వచ్చింది. కొత్త ప్రొటీన్ పరీక్షలు చేయించాలా?

మీ పెద్దమ్మగారికి కావలిలో రొమ్ము ఆపరేషన్ అయింది, గడ్డను చెన్నై పంపితే ఈ రిపోర్టు వచ్చింది, ఇక రక్తంలో కొత్త ప్రొటీన్లేవైనా చూపించాలా అని అడిగారు. వద్దండీ. ఈఆర్, పీఆర్ అంటే క్యాన్సర్ కణాల్లో హార్మోన్లను పట్టుకునే ప్రొటీన్లు, హెర్2 అంటే కణం పెరగడానికి సంకేతమిచ్చే ప్రొటీన్. వీటిని గడ్డలోనే చూస్తారు. ముందు ఆ గడ్డ ఎన్నింటికి ఫార్మలిన్‌లో (ముక్క కుళ్లకుండా గట్టిపరిచే మందునీళ్లలో) పడిందో కనుక్కోండి.

మన వైపు మామూలుగా జరిగేది చూడండి. శనివారం సాయంత్రం అయిదింటికి రొమ్ము తీస్తారు. ట్రేలో పెట్టి చుట్టాలకు చూపిస్తారు. కుట్లు పూర్తయ్యేదాకా అది ఆ రోహిణి ఎండల వేడిలోనే ఉంటుంది. ఏడింటికి ఇరుకు మూతి డబ్బాలో కుక్కి, మునిగీ మునగనట్టు ఫార్మలిన్ పోస్తారు. కోయరు. ఆదివారం కొరియర్ ఉండదు. మంగళవారం చెన్నైలో మూత తీసేసరికి పైన గట్టిపడి ఉంటుంది, నడుమ మెత్తగా ఉంటుంది. ఫార్మలిన్ మొదట్లోనే గంటకు మిల్లీమీటరుకు మించి దిగదు, తర్వాత ఇంకా నెమ్మది, కొవ్వులో మరీను. కొత్తపట్నంలో ఎవరూ పెద్ద చేపను గాట్లు పెట్టకుండా ఉప్పులో వేయరు. వేస్తే ముల్లు పక్కన కుళ్లుతుందని వాళ్లకు తెలుసు. మనిషి రొమ్ముకు ఆ పాటి జాగ్రత్త ఉండొద్దా?

తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. అంచులకు దారాలు కట్టి, పాథాలజిస్టుతో (ముక్కను పరీక్షించే డాక్టరుతో) మాట్లాడి, 5 నుంచి 10 మిల్లీమీటర్ల మందాన గాట్లు పెట్టి, మధ్యలో గాజుగుడ్డ దూర్చాలి. ఫార్మలిన్ పది రెట్లు ఉండాలి: 300 గ్రాముల ముక్కకు 3 లీటర్లు. లీటరుకు షాపు ఫార్మలిన్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఈ ఫాస్ఫేట్లు మానేసి ఉత్త నీళ్లు కలిపితే పులుపెక్కి ప్రొటీన్లను పాడుచేస్తుంది. అందులో 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా ఉంచాలి.

ఇది తప్పితే ఉన్న ఈఆర్ కూడా కనబడదు. అయిదేళ్లు టామోక్సిఫెన్ (హార్మోన్‌ను అడ్డుకునే మందు) వాడాల్సిన మనిషికి ఆ మాత్రే రాయరు. ఈ పరీక్షలో ఈఆర్ ఉన్నచోట గోధుమరంగు పడుతుంది, లేనిచోట నీలంగా ఉంటుంది. ఒక్క శాతం క్యాన్సర్ కణకేంద్రకాలు రంగు పట్టినా పాజిటివే కాబట్టి, శాతం వేయకుండా ఉత్త 'నెగటివ్' అని రాసే రిపోర్టు ఎందుకూ పనికిరాదు. పక్కనున్న మామూలు పాలనాళాల్లో ఈఆర్ గోధుమరంగు పట్టిందా అని పాథాలజిస్టును అడగండి. అవీ నీలంగానే ఉంటే ఆ నెగటివ్‌ను నమ్మొద్దు. ఆపరేషన్‌కు ముందు ట్రూకట్ బయాప్సీ (లావు సూదితో ముక్క తీసే పరీక్ష) చేసి ఉంటే, ఆ ముక్కను మైనంలో పోసిన బ్లాకు మీద మళ్లీ చేయించండి. సన్నటి ముక్క కాబట్టి ఫార్మలిన్ త్వరగా పట్టేసి ఉంటుంది. ఇప్పటికీ సన్నసూది పరీక్ష ఒక్కటే చేసి నేరుగా ఆపరేషన్‌కు తీసుకెళ్లేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర ఈ రెండో దారే ఉండదు.

హెర్2 2+ అంటే ఇంకా తేలలేదని. ఫిష్ పరీక్ష (కణాల్లో హెర్2 జన్యువులను లెక్కపెట్టేది) చేయించాలి. హెర్2 జన్యువులకూ 17వ క్రోమోజోముకూ నిష్పత్తి 2, కణానికి సగటు హెర్2 జన్యువులు 4, రెండూ ఆపైన ఉంటే పాజిటివ్, ట్రాస్టుజుమాబ్ (హెర్2ను అడ్డుకునే మందు) పనిచేసే రకం. ప్యాకేజీల్లో కలిపి అమ్మే సీఏ 15-3 రక్తపరీక్ష ఇవేవీ చెప్పదు. అది పాకిన జబ్బు మందుకు లొంగుతోందా అని గమనించడానికి.

ల్యాబు నుంచి కోసిన పాత స్లైడులు కాకుండా మైనం బ్లాకే అడిగి తీసుకోండి. కోసి నెలన్నర దాటిన స్లైడులో రంగు సరిగా పట్టదు. తెచ్చేటప్పుడు కారు అద్దం దగ్గర ఎండలో పెట్టకండి, మైనం మెత్తబడుతుంది.