ఫైబర్‌గ్లాస్ ఎలుగుబంటికి రంగులు వేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

నమస్తే అండి. వీధిలో పెట్టే ఫైబర్‌గ్లాస్ ఎలుగుబంటికి మీ డిజైన్ ఎంపికైందని చదివి చాలా సంతోషం వేసింది. మీరు అడిగినవి మూడు: ఇన్నాళ్లూ కాగితం మీదే గీసిన చేయి అయిదడుగుల ఎలుగుబంటి మీద ఆడుతుందా, ఏ రంగులు వాడాలి, మన చెర్యాల బొమ్మలు (తెలంగాణలో పొడవాటి గుడ్డ పటాల మీద కథ చెప్పే బొమ్మలు) వాటిని చూసే బయటి దేశం వాళ్లకు అర్థమవుతాయా. మూడేళ్ల కిందట ఇంగ్లండ్‌లో మేముండే ఊళ్లో, పిల్లల ఆసుపత్రి కోసం పెట్టిన ఇలాంటి ప్రాజెక్టులోనే నేను ఒక ఏనుగుకు చెర్యాల శైలిలో రంగులు వేశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఈ పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకే అచ్చులో పోసిన జంతువుల బొమ్మలను ఒక్కో కళాకారుడికి ఒక్కటి ఇస్తారు. కొన్ని వారాలు వీధుల్లో నిలబెట్టి, తర్వాత వేలం వేసి, ఆ డబ్బు ఒక మంచి పనికి ఇస్తారు. 1998లో జ్యూరిక్‌లో, మరుసటి ఏడాది షికాగోలో రంగురంగుల ఆవులు వీధుల్లోకి వచ్చాక ఇది ఊరూరా పాకింది. థాయ్‌లాండ్‌లోని లాంపాంగ్ ఏనుగుల ఆసుపత్రిలో అప్పట్లో మోషా అనే గున్న ఏనుగు ఉండేది. మందుపాతర పేలి కాలు పోగొట్టుకుంది. దాన్ని చూసి కదిలిపోయిన ఒక తండ్రి, కొడుకుతో కలిసి ఎలిఫెంట్ పరేడ్ అనే ఏనుగు బొమ్మల ప్రదర్శన మొదలుపెట్టాడు. మొదటిది 2007లో రోటర్‌డామ్‌లో జరిగింది. 2016లో షెఫీల్డ్‌లో 58 ఏనుగులు నిలబెడితే, వేలంలో అక్కడి పిల్లల ఆసుపత్రికి 4 లక్షల పౌండ్లకు పైగా వచ్చాయి. మనం వేసే గీత నిజంగానే ఒక పిల్లాడి వార్డు దాకా వెళ్తుందన్నమాట.

ఇక మీ మొదటి ప్రశ్న. చేయి ఆడుతుంది, కానీ కాగితం మీద వేసిన డిజైన్ మాత్రం అలాగే కుదరదు. వాళ్లిచ్చే నమూనా కాగితం మీద జంతువు ఎడమ పక్క, కుడి పక్క చదునుగా ఉంటాయి. అసలు బొమ్మకు పొట్ట ఉంటుంది, చంక ఉంటుంది, తోక కింద చోటు ఉంటుంది. నేను ఏనుగు ఎడమ పక్కన ఒక బతుకమ్మ ఆట, కుడి పక్కన నాట్లు వేసే ఆడవాళ్లు అని గీసి పంపాను. గోడౌన్‌లో బొమ్మ ఎదుట నిలబడితే రెండు పక్కలా రెండు క్యాలెండర్లు తగిలించినట్టు కనిపించింది. నిర్వాహకులను అడిగి మార్చుకున్నా. బతుకమ్మ ఆడేవాళ్లను ఏనుగు నడుం చుట్టూ తిప్పాను. ఎక్కడా మొదలు లేదు, చివర లేదు. చూసేవాళ్లు కూడా వాళ్లతోపాటే ఒక చుట్టు తిరగాలి. చెర్యాల పటం పైనుంచి కిందికి విప్పుతూ కథ చెప్పేది కదా, ఇక్కడ కథ చుట్టూ తిరుగుతుంది. మీరు కూడా పెన్సిల్ పట్టుకునే ముందు ఒక పూటంతా ఎలుగుబంటి చుట్టూ ఊరికే తిరగండి. మోకాళ్ల మీద కూర్చుని చూడండి, ఎందుకంటే చూడటానికి వచ్చేవాళ్లలో సగం మంది ఎత్తు అంతే.

పొట్ట అడుగు భాగం మాత్రం వదిలేయకండి. దయచేసి. నేను అక్కడ పడుకుని, తలకు లైటు కట్టుకుని, తామరాకులు, చిన్న చేపలు, ఒక కప్ప వేశాను. మెడ పట్టేసింది, రంగు కళ్లలో పడింది. బొమ్మను బయట పెట్టాక ఒకరోజు చూద్దామని వెళ్తే, నాలుగేళ్ల పిల్లాడు ఏనుగు కాళ్ల మధ్య వెల్లకిలా పడుకుని వేలితో చేపల్ని లెక్కపెడుతున్నాడు. తొమ్మిది దాకా వచ్చి మళ్లీ మొదటికి వెళ్లాడు. వాళ్లమ్మ పిలుస్తున్నా లేవలేదు.

రంగుల సంగతి. బొమ్మ తెల్ల ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే అడుగు పూత) వేసి వస్తుంది. చెర్యాల పటానికి చింతగింజల అంబలి, సుద్ద కలిపి పూసి గుడ్డను తయారుచేస్తారు, అది ఇక్కడ పనికిరాదు, వానకు నిలవదు. సన్నని గరుకు కాగితంతో పైపైన రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆరాక అక్రిలిక్ రంగులే వాడండి. నూనె రంగులు వద్దు, ఆరవు, పైన వేసే వార్నిష్‌తో పేచీ. చెర్యాల ఎరుపు తెలుపు మీద అంత తొందరగా కప్పదు. నాకు నాలుగు పూతలు వేసినా చారలు కనిపించాయి. కింద ముందు పసుపు మట్టి రంగు ఒక పూత వేస్తే ఎరుపు నిండుగా దిగింది. మెరిసే నియాన్ రంగులు ఎండకు వెలిసిపోతాయి, వాటి జోలికి పోకండి.

ఒక తప్పు చెప్తాను, మీరు చేయకండి. టైమ్ తక్కువగా ఉందన్న టెన్షన్‌లో ముఖాల నల్ల గీతలకు బ్రష్ మానేసి మామూలు పర్మనెంట్ మార్కర్ వాడాను. చూడ్డానికి ఎంత సన్నగా, నల్లగా వచ్చాయో! పైన వార్నిష్ స్ప్రే పడగానే ఆ సిరా కరిగి, పదకొండు మంది ఆడవాళ్ల కళ్లు ఊదా రంగులో చెంపల మీదికి జారాయి. వార్నిష్ గట్టిపడేదాకా ఆగి, రుద్ది, ఆ ముఖాలన్నీ మళ్లీ వేశాను. మూడు రాత్రులు పట్టింది. గీతలకు అక్రిలిక్ పెన్నులు లేదా సన్న బ్రష్ వాడండి. మీ దగ్గరున్న ప్రతి రంగునూ, పెన్నునూ ఒక చెక్కముక్క మీద వేసి, చివర్లో వాళ్లు కొట్టే వార్నిష్‌నే దానిమీద కొట్టించి చూడండి. అడిగితే చేస్తారు.

మన బొమ్మలు వాళ్లకు అర్థమవుతాయా అన్నారు. పేర్లు తెలియకపోవచ్చు, బొమ్మ మాత్రం ఇట్టే పట్టేస్తారు. ఆ ఎర్రటి నేపథ్యం, కోల కళ్లు, పూల అంచు దూరం నుంచే పిలుస్తాయి. నేనొక్క విషయంలో మాత్రం పట్టుదలగా ఉన్నా: దేవుళ్ల బొమ్మలు వేయలేదు. ఇది వీధిలో ఉండే బొమ్మ. పిల్లలు ఎక్కుతారు, కుక్కలు వస్తాయి, కాళ్ల దగ్గర చెప్పులు ఆనుతాయి. కల్లు గీసేవాళ్లు, ఎడ్లబండి, నాట్లు, బతుకమ్మ చాలు. ఇంకోటి, మా అమ్మమ్మగారిది సిద్దిపేట పక్కనే అయినా నేను నకాషీల (ఈ పటాలు గీసే చిత్రకారుల) ఇంట పుట్టినదాన్ని కాను, కొన్నాళ్లు నేర్చుకున్నదాన్ని. అందుకే బొమ్మ కింది పలక మీద నా పేరుతోపాటు, ఇది తెలంగాణలో చెర్యాల నకాషీ కుటుంబాలు తరతరాలుగా కాపాడుకొస్తున్న శైలి అని రాయించాను. మీరూ రాయించండి, నిర్వాహకులు కాదనరు.

రోజుల లెక్క: ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు, శనాదివారాలు కలిపి నాకు అయిదు వారాలు పట్టింది. పూతకూ పూతకూ మధ్య ఆరనివ్వడానికే సగం పోతుంది. ఒప్పందం కాగితంలో డిజైన్ హక్కులు ఎవరివో చదివి సంతకం పెట్టండి. కప్పుల మీద, సంచుల మీద మీ బొమ్మ వేసి అమ్మవచ్చు. చారిటీకే కాబట్టి నేను సరేనన్నా, కానీ తెలిసి ఒప్పుకోవడం వేరు.

ఎలుగుబంటి వీపు మీద అచ్చు రెండు సగాలు కలిసిన సన్నని అతుకు గీత ఉంటుంది, ప్రైమర్ కింద కూడా చేతికి తగులుతుంది. ముఖాలు దానిమీద పడకుండా చూసుకోండి. పూల అంచు దాని వెంబడే పోనిస్తే ఎవరికీ కనబడదు. మొదటి పూత అయ్యాక ఫొటో పెట్టండి, ఎరుపు ఎలా దిగిందో చూసి చెప్తాను.