కుట్లు మానాయి, మంట మానలేదు

ప్రశ్న: హెర్నియా ఆపరేషనై 8 నెలలైంది. గజ్జల్లో ఇంకా మంట, సూదులు గుచ్చినట్టు పోటు. లుంగీ తగిలినా ఓర్చుకోలేకపోతున్నాను. కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాలనుంది. మానుకోవాలా?
– కొబ్బరి రైతు, అంబాజీపేట

జవాబు: మానుకోకండి. మీరు చెప్పిన తీరు చూస్తే ఇది నరం నొప్పి. గజ్జల్లోని సన్నని నరాలు ఆపరేషన్‌లో నలిగినా, మెష్ (హెర్నియా చోట లోపల అమర్చే వల) చుట్టూ గట్టిపడ్డ చోట చిక్కుకున్నా ఇలాగే ఉంటుంది. దీనికి డైక్లోఫెనాక్ అనే మామూలు నొప్పి మాత్ర పెద్దగా పనిచెయ్యదు, రోజూ మింగితే కిడ్నీలకీ కడుపుకీ చేటు. గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి నరం నొప్పి మందులు డాక్టరు తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మగతగా ఉంటే బండి నడపొద్దు, మందు ఒక్కసారిగా ఆపొద్దు.

మచ్చ మీద మొదట పట్టుగుడ్డతో, అది అలవాటయ్యాక నూలుగుడ్డతో, ఆపైన తువ్వాలుతో మెల్లగా నిమరండి. 5 నిమిషాల చొప్పున రోజుకి 3 సార్లు. మంట రేగి తగ్గకపోతే మళ్లీ మెత్తని గుడ్డకే రండి.

ఒంట్లో బాగున్న రోజున తోటంతా తిరిగేసి, మర్నాడు మంచం పట్టడం చాలామంది చేసేదే. 20 నిమిషాలకి నొప్పి మొదలైతే 15కే కూర్చోండి. వారానికి రెండేసి నిమిషాలు పెంచండి.

తీర్థానికి మడత స్టూలు, వదులు పంచె. జనం తోపులాటకి దూరంగా కూర్చుని కళ్లారా చూడండి.

కొత్తగా ఉబ్బు, జ్వరం, చీము కనిపిస్తే వెంటనే సర్జన్ దగ్గరికి వెళ్లాలి. ఏవీ లేకపోయినా, మందులకి లొంగకపోతే నరానికిచ్చే మత్తు ఇంజెక్షన్ గురించి పెయిన్ క్లినిక్‌లో అడగండి.