అడిగింది బ్యాంకు గురించి, రాసింది మామయ్య గురించి

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లె. నేను ఇంటర్‌లో ఉండగా నాన్న పోయారు. ఎంబీఏలో భాగంగా 6 నెలల ఇంటర్న్‌షిప్‌కి టోక్యోలో ఒక బ్యాంకుకు వచ్చాను. 3 నెలలైంది. ఇప్పటిదాకా చెప్పుకోదగ్గ పనేదీ ఇవ్వలేదు. మా సీనియర్ పాత వడ్డీ రేట్ల పట్టిక ఒకటి ఇచ్చి చూస్తూ ఉండమన్నారు, మళ్లీ ఆ ఊసెత్తలేదు. మీటింగులన్నీ జపనీస్‌లోనే. నాకు వచ్చింది ఎన్5 వరకే, అంటే జపనీస్ పరీక్షలో అన్నిటికంటే కింది మెట్టు. ఆఫీసు అయ్యాక అందరూ తాగడానికి వెళ్తారు, నన్నూ రమ్మంటారు, నాకా అలవాటు లేదు. విదేశీయుడినని పక్కన పెట్టారేమో అనిపిస్తోంది. మధ్యలో వచ్చేయనా? ఓపిక పడితే ఇక్కడే ఉద్యోగం ఇస్తారా? టికెట్టుకీ మొదట్లో ఖర్చులకీ మా మేనమామ 4 లక్షలు సర్దారు. నేను జపాన్ బ్యాంకులో ఆఫీసర్‌నని చుట్టాలందరికీ చెప్పారు. రోజూ ఎరువుల కొట్టు కట్టేశాక ఫోన్ చేస్తారు. మాట్లాడి పడుకునేసరికి రెండవుతుంది, పొద్దున ఆఫీసులో కళ్లు మూతలు పడతాయి. ‘మామయ్య చేసింది మర్చిపోకు, వాళ్లమ్మాయి డిగ్రీ వచ్చే ఏడాదితో అయిపోతుంది’ అంటోంది అమ్మ. అది వేరే విషయం. ముందు ఈ బ్యాంకు సంగతి చెప్పండి.

జవాబు: ముందు బ్యాంకు సంగతే చెబుతాను, దానికి ఎక్కువసేపు పట్టదు. మధ్యలో రావద్దు. కాలేజీకీ బ్యాంకుకీ ఒప్పందం ఉండబట్టి నీకు ఆ వీసా వచ్చింది, సగంలో వదిలేస్తే ఇక్కడ మార్కుల దగ్గరా చిక్కే. ఇక ఉద్యోగం. అక్కడి పెద్ద బ్యాంకులు ప్రధానంగా ఆ ఏడాది చదువు ముగించేవాళ్లని ఒక్కసారే తీసుకుంటాయి. అంతకు ముందు ఏడాది అక్టోబర్ 1న లాంఛనంగా ఆఫర్ ఇచ్చి, ఏప్రిల్ 1న అందరినీ కలిపి చేర్చుకుంటాయి. ఎన్5తో ఆ వరసలో నిలబడటం కష్టం. కావాలనుకుంటే కూర్చుని భాష చదువు, రెండేళ్ల తర్వాత చూసుకో. ఓపిక పట్టినంత మాత్రాన ఎవరూ ఉద్యోగం ఇవ్వరు.

పని ఇవ్వడం లేదన్నావు. ఆరు నెలల్లో వెళ్లిపోయే మనిషికి, అక్కడి కాగితం చదవడం రాని మనిషికి, జనం డబ్బు దాచుకున్న చోట ఏం పని ఇస్తారు? మధ్యాహ్నం మూడింటికి కౌంటర్ల ముందు షట్టర్ దించేసి, లెక్కలో ఒక్క యెన్ తేడా వచ్చినా అది దొరికేదాకా వెతికే అలవాటు ఆ బ్యాంకులది. ఖాతాదారులతో మరీ దగ్గరితనం పెరగకూడదని సొంత ఉద్యోగుల్నే కొన్నేళ్లకోసారి బ్రాంచి మార్చేస్తారు. ఏ ప్రతిపాదనైనా కింది ఉద్యోగి దగ్గర మొదలై, ఒక్కో బల్ల దగ్గరా ముద్ర వేయించుకుంటూ పైకి వెళ్లాలి. అంత జాగ్రత్తగా ఉండేవాళ్లు నిన్ను మూడు నెలల్లో నమ్మేయలేదని చిన్నబుచ్చుకోకు. విదేశీయుల్ని చిన్నచూపు చూసేవాళ్లు అక్కడ లేరని నేను అనను. నువ్వు రాసినదాంట్లో మాత్రం అది కనపడలేదు.

ఆ వడ్డీ రేట్ల పట్టిక ఏం చేశావో రాయలేదు. చూస్తూ ఉండమంటే చూస్తూనే ఉన్నావా? మన రిజర్వ్ బ్యాంకు లాంటి బ్యాంక్ ఆఫ్ జపాన్ 2016లో వడ్డీని సున్నా కిందికి దించింది, మళ్లీ సున్నా దాటించింది 2024 మార్చిలో. ఆ ఎనిమిదేళ్లూ డిపాజిట్‌దారుకి ఏమీ మిగల్లేదు, అప్పులిచ్చే బ్యాంకులకి లాభం సన్నబడిపోయింది. నీ చేతిలో ఉన్నది ఆ కథంతా. దాని మీద ఇంగ్లిష్‌లోనే రెండు పేజీలు రాసి సీనియర్‌కి ఇవ్వాల్సింది. అక్కడి ఆఫీసుల్లో చిన్నవాడు తనంతట తనే వెళ్లి ‘ఇదీ చేశాను, ఇక్కడ ఆగాను, ఇప్పుడేం చెయ్యమంటారు’ అని చెప్పాలి. కొత్తగా చేరినవాళ్లకి నేర్పే మొదటి పాఠాల్లో ఇదొకటి. నువ్వేమో ఆయన పిలవాలని కూర్చున్నావు. నీకు చెప్పుకోవడానికి ఏమీ లేదని ఆయన అనుకుని ఉంటాడు.

తాగుడు గురించి టెన్షన్ అక్కర్లేదు. ఊలాంగ్ టీ తెప్పించుకో, పక్కవాళ్ల గ్లాసు ఖాళీ అయితే నువ్వు పొయ్యి, గంటసేపు కూర్చుని లేచి వచ్చెయ్యి. రమ్మని పిలుస్తున్నారంటే పక్కన పెట్టలేదనే కదా.

ఇక ఆ ‘వేరే విషయం’ దగ్గరకి వద్దాం.

మామయ్య రాత్రి తొమ్మిదిన్నరకి కొట్టు కట్టేసి ఫోన్ చేస్తే నీకు అప్పుడు ఒంటిగంట. మన టైముకీ జపాన్ టైముకీ మూడున్నర గంటల తేడా. తోటివాళ్లు లేస్తారేమోనని ఏ మెట్ల మీదో కూర్చుని ‘ఆ మామయ్యా, బాగుంది మామయ్యా’ అంటుంటావు. మూడు నెలల్లో ఒక్కసారైనా ‘మామయ్యా, ఇక్కడ అర్ధరాత్రి దాటింది’ అన్నావా? అని ఉంటే ఆయన ఫోన్ చేసే టైమే మార్చుకునేవాడు. తండ్రి లేని పిల్లవాణ్ణి చదివించినవాడు నిద్ర చెడగొట్టాలని చూస్తాడా? ఆయనకి తెలియదు, అంతే. నువ్వు చెప్పలేదు.

నువ్వు ఆఫీసర్‌వి కాదని కూడా ఆయనకి చెప్పలేదు. నాకు తెలిసి ఆయన అబద్ధం ఆడటం లేదు. ఇంటర్న్ అంటే ఏమిటో ఎరువుల కొట్టులో ఆయనకి ఎవరు చెబుతారు? ఆయన ఆ మాట చుట్టాలందరికీ చెప్పుకున్నప్పుడు నీకూ కాస్త బాగానే ఉండి ఉంటుంది. ఇప్పుడు వెనక్కి వస్తే ఆయన పరువు పోతుంది, అక్కడే ఉందామంటే ఉద్యోగం లేదు. నాకు రాసిన ప్రశ్న అక్కడ పుట్టింది. పెద్దవాళ్ల ముందు నోరు మెదపకపోవడమే గౌరవమని ఇంట్లో నేర్చుకున్నావు, అదే అలవాటు ఆ సీనియర్ బల్ల దాకా తీసుకెళ్లావు.

4 లక్షల గురించి నా మాట నిక్కచ్చిగా ఉంటుంది, కోపం తెచ్చుకోకు. తిరిగి ఇస్తానని గట్టిగా అనుకోకుండా అయినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం నాకు నచ్చదు. ‘మేనల్లుడికి పెట్టింది అప్పంటావేంట్రా’ అని ఆయన నొచ్చుకుంటాడు. నొచ్చుకోనీ. మొదటి జీతం నుంచి నెలకింత అని ఒక మాట అనుకుని, కాగితం మీద రాసి ఇవ్వు. లేకపోతే ఆ లెక్క నీ పెళ్లిలోకి వస్తుంది. ఆయన అడగకపోయినా మీ అమ్మ అడుగుతుంది, ఇప్పటికే అడుగుతోంది. తమ్ముడి ముందు తల ఎత్తుకోవాలంటే ఆమెకి కనిపిస్తున్న దారి అదొక్కటే, ఆమెనేమీ అనకు. కానీ అమ్మ తరఫు బాకీ నువ్వు తాళి కట్టి తీర్చాల్సిన పని లేదు.

ఆ అమ్మాయి గురించి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఇష్టమనీ లేదు, కాదనీ లేదు, పేరు కూడా లేదు. డిగ్రీ చదివే పిల్ల, ఆమెకీ ఏదో ఒక ఆలోచన ఉంటుంది. బావ జపాన్ నుంచి వస్తాడని ఇంట్లో అనుకుంటుంటే ఆమె వింటూనే ఉంటుంది. మేనరికాలు వద్దని డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు, అది అలా ఉంచు. నువ్వు ఎంత కాలం మాట్లాడకుండా ఉంటే అంత కాలం ఆ పిల్లని కూడా ఆశలో పెట్టినట్టే. పాపం ఆమెకి రావాల్సిన సంబంధాలూ ఆగిపోతాయి.

ఆదివారం మీకు ఒంటిగంటకి మామయ్యకి నువ్వే ఫోన్ చెయ్యి. ఇక్కడ అప్పుడు పొద్దున తొమ్మిదిన్నర, కొట్టుకి సెలవు, ఇంట్లో తీరిగ్గా ఉంటాడు. ముందు టైము సంగతి చెప్పు, అది తేలిక. ఆ తర్వాత ఇంటర్న్ అంటే ఏమిటో, నెలకి ఎంత ఇస్తారో, ఎప్పుడు అయిపోతుందో చెప్పు. డబ్బు మాట ఆ వెంటనే ఎత్తు. పెళ్లి సంగతి ఆయన తేకపోతే నువ్వు తేకు. తెస్తే మాత్రం ‘ఆలోచిస్తాను మామయ్యా’ అని నాన్చకు, నీ మనసులో ఉన్నది అప్పుడే చెప్పెయ్యి. కేకలేస్తాడు. నాలుగు రోజులు ఫోన్ చెయ్యకపోవచ్చు కూడా. ఆ నాలుగు రాత్రులూ హాయిగా నిద్రపో, పొద్దున వెళ్లి ఆ రెండు పేజీలు రాయడం మొదలుపెట్టు.

అమ్మకి మాత్రం ముందుగా చెప్పకు. చెప్పావంటే ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, నువ్వా ఫోన్ చెయ్యవు.